పళ్ల వెనక కంచె

ఇందులో యుద్ధం ఉంది. నెత్తురుంది. ఇనుప కంచె ఉంది, దాని వెనక ఒక బందీ ఉన్నాడు. పుకారు ఉంది, నమ్మిన స్నేహితుడి వల్ల జరిగిన నష్టం ఉంది, కొడుకును కిటికీ పక్కన కూర్చోబెట్టి తండ్రి రెండు జిల్లాలు దాటించిన ప్రయాణం ఉంది. రాజుల కాలమై ఉంటే ఎవరో ఒక కవిని పట్టుకుని పద్యాల్లో రాయించి ఏనుగు మీద ఊరేగించేవాణ్ని.

ఆ ఆశతో ఎవరైనా కూర్చుని ఉంటే లేచి వెళ్లొచ్చు. ఇది పళ్లకు క్లిప్పులు వేయించుకున్న కథ. యుద్ధరంగం నా పళ్లకూ నాలుకకూ మధ్య ఉన్న సందు. బందీ నా నాలుక. నెత్తురు కూడా దూది ఒత్తితే ఆగిపోయేంతే. అయినా రాస్తున్నాను. పళ్ల వెనక వైపు వేసే ఈ రకం క్లిప్పులు వేయించుకోవాలా వద్దా అని ఎవరైనా ఆలోచిస్తుంటే పనికొస్తుందని ఒక కారణం. మే నెలలో నేను నిజంగా భయపడ్డాను, ఆ భయాన్ని ఒకసారి కాగితం మీద పడేసి చూస్తే కుదురుగా ఉంటుందని ఇంకో కారణం.

ఫిబ్రవరి

మాది కమలాపురం దగ్గర పల్లె. నాయన వ్యవసాయం చేస్తాడు. నేను కడపలో ఒక ట్రాక్టర్ల షోరూంలో పని చేస్తాను. వచ్చిన రైతుకు నీళ్లిచ్చి, కూర్చోబెట్టి, లేచేలోపు ట్రాక్టరు కొనాలనిపించేలా మాట్లాడటం నా ఉద్యోగం. మాటలకు కొదవ లేదు. పళ్ల దగ్గరే వచ్చింది చిక్కు. నా పై పళ్లకు చిన్నప్పటి నుంచీ వరుసలో నిలబడే అలవాటు లేదు. రెండు ముందుకు తోసుకొచ్చాయి. ఒకటి రేషన్ షాపు దగ్గర మధ్యలో దూరేవాడి మాదిరి పక్క నుంచి దూరింది.

షోరూంవాళ్లు సిబ్బంది అందరి ఫొటోలతో ఫ్లెక్సీ వేయించారు. ఫొటో తీసేవాడు అందరితో "నవ్వండి సార్" అన్నాడు, నా దగ్గరికి వచ్చేసరికి "నోరు మూసుకోండి సార్" అన్నాడు. మాటలమ్ముకుని బతికేవాడితో అనాల్సిన మాట కాదది. ఆ వారమే పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను.

మామూలుగా అందరూ వేయించుకునేవి పళ్ల ముందు వేస్తారు. నాకవి కుదరవు. కారణం నేను చేసుకున్నదే. మా ఊర్లో సగం మందికి పేర్లు పెట్టింది నేను. వంకర నడక ఆయనకు ట్రాక్టరు వెనక తిరిగే రోటవేటరు, ఎప్పుడూ అలిగే మా పెద్దత్తకు ఊరికే ట్రిప్పయ్యే మోటారు స్టార్టరు. అలాంటి నేను నోట్లో ఇనుప తీగలతో బస్సు దిగితే, పాత బాకీలన్నీ వడ్డీతో తీర్చడానికి రచ్చబండ మీద జనం సిద్ధంగా ఉంటారు. అందుకే వెనక వైపు వేసేవి అడిగాను.

డాక్టరమ్మ పై ఊరి నుంచి నెలకొకసారి కడపకు వచ్చి చూసిపోతుంది. ఈ రకం వేయడం వచ్చినవాళ్లు మా వైపు తక్కువ. ఆమె నెమ్మదిగా అన్నీ చెప్పింది.

"బయటికి ఎవరికీ కనపడవు. కానీ మీ నాలుకకు కనపడతాయి. మొదట్లో మాట తేడా వస్తుంది. నాలుక గీసుకుంటుంది. శుభ్రం చేసుకోవడం కష్టం. ముందు వేసే వాటికంటే ఖరీదు ఎక్కువ. ప్రతిసారీ కుర్చీలో ఎక్కువసేపు కూర్చోవాలి."

అన్నీ విన్నాను. విన్నానంటే చెవుల్లో పడ్డాయి. నా బుర్రలోకి వెళ్లింది మాత్రం "ఎవరికీ కనపడవు" అన్న ఒక్క మాటే. ఇంట్లో చెప్పలేదు. చెబితే అమ్మ పొరుగింట్లో చెబుతుంది, పొరుగింటావిడ చెబితే ఇక ఫ్లెక్సీ అక్కర్లేదు.

కుర్చీలోంచి లేచేసరికి నోట్లో ముళ్లకంచె పాతినట్టుంది. అద్దంలో చూసుకుంటే ఏమీ లేదు. పళ్లు ఎప్పటిలాగే వంకరగా, ప్రశాంతంగా ఉన్నాయి. ఈ రకం క్లిప్పుల మొదటి లాభం అదే. మొదటి నష్టం కూడా అదేనని తెలియడానికి నాకు మూడు నెలలు పట్టింది.

మార్చి, ఏప్రిల్

నాలుక ఇంత తిరుగుబోతని నాకు అంతకుముందు తెలియదు. ఊరకే ఉన్నప్పుడు కూడా పళ్ల వెనక్కి వెళ్లి ఎవరున్నారో చూసి వస్తుంది. ఇప్పుడు వెళ్లినప్పుడల్లా గీసుకుని వస్తుంది. బుద్ధి తెచ్చుకోదు, మళ్లీ వెళుతుంది. గదిలో పెట్టి తాళం వేసిన మనిషి గోడలు తడుముకున్నట్టు రోజంతా అదే పని.

మాట పోయింది. పూర్తిగా పోలేదు, తడిసి ముద్దయి వచ్చేది. "స" అన్నప్పుడల్లా ఎదుటివాళ్ల మీద చిన్న జల్లు పడేది. ట్రాక్టరు అనే మాటను అంత కష్టపడి పలికిన సేల్స్‌మన్‌ను కడప జిల్లా అంతకుముందు చూసి ఉండదు. ఎర్రగుంట్ల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన నేను చెప్పిందంతా ఓపికగా విని, నా మొహం దగ్గరికి ముక్కు తెచ్చి వాసన చూశాడు.

"ఏమబ్బీ, పొద్దున్నే ఏసుకోనొచ్చినావా?"

"లేదు పెద్దాయనా, పంటి నొప్పి."

"నొప్పికేనా ఏసుకున్యాది?"

ఆయన ట్రాక్టరు కొనలేదు. పోతూ పోతూ మేనేజరుకు నా మీద జాలి పడమని చెప్పి వెళ్లాడు.

ముందు వైపు క్లిప్పులు ఉన్నవాడు నోరు తెరవగానే అందరికీ కారణం కనపడుతుంది. పాపం అంటారు. నా కారణం నా పళ్ల వెనక దాక్కుని ఉంది. ఎవరి కారణం వాళ్లే ఊహించుకున్నారు.

తిండి విషయంలో మాత్రం రాయలసీమలో పుట్టడం కలిసొచ్చింది. సంగటి ముద్దను నమలనక్కర్లేదు, పప్పులో ముంచి మింగేయడమే. పంటి డాక్టర్ల కోసమే ఎవరో కనిపెట్టినట్టుంటుంది. మిగతావన్నీ కష్టమే. శనగకాయలు, చెరుకు, అమ్మ బెల్లంతో చేసే చెనిక్కాయల ఉంటలు దగ్గరికి రానివ్వలేదు. గోంగూర తింటే పీచు తీగలకు చుట్టుకుని, సాయంత్రం దాకా వేలాడేది. సన్నటి బ్రష్షు పెట్టి, అద్దంలో కనపడని చోట, తడుముతూ తీయాలి. కారం తగిలితే కళ్లలో నీళ్లు.

ఒకరోజు అమ్మ కారం పచ్చడి గిన్నె పట్టుకుని అడిగింది.

"ఏమ్రా, ఊరిబిండి ఏసుకోవా?"

"వద్దుమా."

"నిన్నా వద్దంటివి, మొన్నా వద్దంటివి. ఊరిబిండి ల్యాకుంటే సంగటి ముట్టనోడివి. కారం మానుకున్నోడు ఈ ఇంట్లో..."

అంటూనే ఆగిపోయింది. నాయన తల వంచుకుని తింటున్నాడు. 

ఈ ఇంట్లో కారం మానుకున్నవాడు మా చిన్నాయన. నాయనకు తమ్ముడు. ఊరికంతా పేర్లు పెట్టే విద్య నాకు ఆయన దగ్గర నుంచే వచ్చింది. బుగ్గలో ఎప్పుడూ ఖైనీ ఉండేది. ఒక వేసవిలో నాలుక పక్కన పుండు లేచింది. కారం మానేశాడు. ఎవరు అడిగినా ఏదో ఒక జోకు వేసేవాడు. నోరు తెరిచి చూపించేసరికి శానా ఆలస్యమైంది. నాయనే ఆయన్ను కర్నూలు ఆసుపత్రికి తిప్పాడు. నేను పదో తరగతి పరీక్షలు రాసే నెలలో పోయాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఆయన జోకులు చెప్పుకుంటాం, ఆ వేసవి మాట మాత్రం ఎత్తం.

అది గుర్తుకొచ్చినప్పుడైనా చెప్పేయాల్సింది. చెప్పలేదు. ఇంకో నెలలో మాట సర్దుకుంటుంది, ఎవరికీ తెలియకుండా గడిచిపోతుంది అనుకున్నాను.

ఈ మధ్యలోనే బాషా వచ్చాడు. బాషా మా షోరూంలో మెకానిక్కు, నాకు బడి నాటి నుంచి తోడు. డాక్టరమ్మ నాకు ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బీలో మైనం ఇచ్చింది. తీగ ఎక్కడ గుచ్చుకుంటే అక్కడ కొంచెం మైనం అద్దాలి. అద్దే పద్ధతి ఇది. చిటికెడు తీసుకోవాలి, అరచేతిలో వేసుకుని బొటనవేలితో నలిపి మెత్తగా చేయాలి, గోడ వైపు తిరిగి వేలితో నోట్లోకి పెట్టుకోవాలి. మా వైపు పుట్టినవాడికి ఆ పని చూస్తే ఒకటే గుర్తుకొస్తుంది.

ట్రాక్టరు కింది నుంచి బయటికి వచ్చిన బాషా నన్ను చూసి నిలబడిపోయాడు. తర్వాత మొహమంతా నవ్వయింది. వచ్చి పక్కన నిలబడి అరచెయ్యి చాపాడు.

"ఎబ్బుటి నుంచి బావా? నాకు చెప్పనే ల్యా. కొంచెం ఇటు పెట్టు."

నాకు రెండు దారులు కనపడ్డాయి. పళ్లు అందంగా కనపడటానికి తీగలు కట్టించుకున్నానని చెప్పడం ఒకటి. ఖైనీ తింటున్నానని ఒప్పుకోవడం ఇంకొకటి. ఆ షెడ్డులో, ఆ గ్రీసు వాసనలో, ఇరవై నాలుగేళ్ల మగవాడికి రెండోదే మర్యాదగా అనిపించింది.

"అయిపోయింది బావా. ఎవరికీ చెప్పొద్దు."

"అల్లా తోడు, చెప్పను."

బాషా మాట తప్పే మనిషి కాడు. నా ప్రాణానికి వచ్చింది కూడా అదే. అమ్మ చెప్పిందో, నా గొంతు విని తనకే తోచిందో, నాయన ఒకరోజు బాషాకు ఫోన్ చేశాడు. "ఏం బాషా, మావోడు ఏమన్నా అలవాటు చేసుకున్యాడా?" అని అడిగితే, నా రహస్యాన్ని ప్రాణం పెట్టి కాపాడుతూ వీడు చెప్పిన జవాబు ఇది:

"అట్లాంటిదేమీ ల్యా మామా. ఉన్యా నేను మాన్పిస్తా. నువ్వు దిగులు పడాక."

మే

నాలుక కుడి పక్కన పుండు లేచింది. అంతకుముందు గీతలు పడేవి, నాలుగు రోజుల్లో మానేవి. ఇది మానలేదు. పై పళ్ల వెనక ఉన్న తీగ కొస కొంచెం బయటికి వచ్చి, మాట్లాడిన ప్రతిసారీ అక్కడే తగులుతోంది. మైనం పెడితే ఎండకు మెత్తబడి జారిపోయేది. మే నెల కడపలో మనుషులే గట్టిగా నిలబడలేరు, మైనం ఎలా నిలబడుతుంది?

క్లినిక్కుకు ఫోన్ చేస్తే, డాక్టరమ్మ ఈ నెల రావడం లేదు, వచ్చే నెల వస్తుందన్నారు. అక్కడుండే ఇంకో డాక్టరు, వెనక వైపు తీగలు తాను ముట్టుకోనన్నాడు, పుక్కిలించే మందు రాసిచ్చాడు. అప్పుడర్థమైంది, నేను నా నోట్లో ఉన్నదాన్ని తీసుకోలేను, తీసేవాళ్లు ఊర్లో లేరు, ఎవరికైనా చూపిద్దామంటే ముందు అసలు ఏం వేయించుకున్నానో చెప్పాలి. తాళం నా నోట్లోనే ఉంది, తాళంచెవి పై ఊర్లో సెలవు మీద ఉంది.

పుండు గురించి ఆలోచించకూడదు అనుకునేవాణ్ని. బండి అద్దం కనపడితే ఆగి నాలుక చాపి చూసుకునేవాణ్ని. అంచు కొంచెం తెల్లగా ఉండేది. చిన్నాయనకూ నాలుక పక్కనే. కుడి పక్కా, ఎడమ పక్కా అన్నది మాత్రం గుర్తు రాలేదు. అది గుర్తు తెచ్చుకోవడానికి ఎన్ని రోజులు కష్టపడ్డానో చెబితే నవ్వుతారు. కారణం తీగేనని నాకు తెలుసు. తెలియడం వేరు, సంగటి మింగుతున్నప్పుడు అది భగ్గుమనడం వేరు. మంటలో తెలివి పనిచేయదు.

ఇంట్లో అందరూ "నువ్వు అచ్చం మీ చిన్నాయనే" అంటుంటారు. పొగడ్తగా వాడే మాట. ఆ నెలలో ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచిపోయేవాణ్ని.

ఒక సాయంత్రం బట్టలు ఉతకడానికి తీస్తూ అమ్మ నా ప్యాంటు జేబులో మైనం డబ్బీ చూసింది.  తీసుకెళ్లి నాయన చేతికిచ్చింది. నాయన మూత తీసి చూశాడు, వాసన చూశాడు, మళ్లీ మూత పెట్టి తన చొక్కా జేబులో వేసుకున్నాడు. నేను గడపలో నిలబడి అంతా చూశాను. అది ఖైనీలో కలిపే సున్నం డబ్బీ అనుకున్నాడని నాకు తెలిసిపోయింది.

నాయన నా వైపు చూడకుండానే అన్నాడు.

"రేపు కర్నూలుకు పోవాల. నా కండ్లు సూపించుకోవాల. నువ్వూ రా."

"కడపలో లేరా నాయనా కండ్ల డాక్టర్లు?"

"ఉండారు. కర్నూలుకు పోవాల."

మే, కర్నూలు బస్సు

కడపలో బస్సు ఎక్కాం. నాయన నన్ను కిటికీ పక్కకు పంపి, తాను బయటి వైపు కూర్చుని, కాళ్లు అడ్డంగా పెట్టాడు. మైదుకూరు దాటాం. కిటికీలోంచి వేడిగాలి మొహాన కొడుతోంది. లేచి తప్పించుకుందామన్నా నాయన మోకాళ్లు దాటాలి. అన్నిటికీ మించి, నాకూ ఆసుపత్రికి పోవాలనే ఉంది. ఆ సంగతి ఆయనకు చెప్పే ధైర్యం లేక కిటికీ బయట చూస్తూ కూర్చున్నాను.

చాగలమర్రి దగ్గర చెప్పేశాను.

"నాయనా, నేను ఖైనీ తినను. పళ్లకు క్లిప్పులు ఏయించుకున్యా. ఆ డబ్బీలో ఉండేది మైనం. తీగ గుచ్చుకోకుండా పెట్టుకునేది."

నాయన నా మొహం చూశాడు.

"యాడుండాయి క్లిప్పులు?"

పళ్లు బయటపెట్టాను. వంకరగా, శుభ్రంగా, ఖాళీగా ఉన్నాయి.

"ఎనక పక్క ఉండాయి నాయనా."

"పండ్లకు ముందర కడతారు. ఎదురింటోళ్ల పాపకు కట్టల్యా? ఎనక ఏంటికి కడతారురా?"

"కనపడకుండా."

"కనపడకుండా కట్టేదానికి కట్టేది ఏంటికి?"

 ఎంతో ఖర్చుపెట్టి కొనుక్కున్న సుగుణం అది, ఎవరికీ కనపడకపోవడం. నాకు ఒకే ఒక్క మనిషికి చూపించాల్సిన అవసరం వచ్చినప్పుడు కూడా అది తన పని తాను నిజాయితీగా చేసింది.

"కావాలంటే సూడు," అని నోరు బాగా తెరిచి ఆయన వైపు తిరిగాను.

నాయన మొహం తిప్పేసుకున్నాడు. ముందు సీటు కమ్మీ పట్టుకుని రోడ్డు వైపు చూస్తూ అన్నాడు.

"నేను సూడలేనురా. మీ చిన్నాయన గూడా ఇట్లనే బస్సులో నగుతా చెప్పినాడు. ఏమీ ల్యా అన్నా, పన్ను గీసుకునింది అని. డాక్టరు సూసి చెప్పనీ."

నేను నోరు మూసుకున్నాను. ఫొటో తీసేవాడు చెప్పినప్పుడు కూడా అంత తొందరగా మూయలేదు. నంద్యాలలో బస్సు ఆగితే నాయన దిగి మజ్జిగ ప్యాకెట్లు తెచ్చాడు. నాది కొస కొరికి ఇచ్చాడు. చిన్నప్పుడు అలా ఇచ్చేవాడు.

ఆసుపత్రిలో

టోకెను నాయన పేరు మీద లేదు, నా పేరు మీదే ఉంది. కండ్ల విభాగం వైపు మేం పోనేలేదు. ఆయనకు ఆ ఆసుపత్రిలో ఎవరినీ దారి అడగాల్సిన అవసరం రాలేదు. ఏ మలుపు తిరగాలో, ఏ బల్ల కింద నీళ్ల సీసా పెడితే ఎవరూ తన్నరో అన్నీ తెలుసు. నేను ఆయన వెనకే నడిచాను. 

నోటి జబ్బుల విభాగం వరండాలో కూర్చున్నవాళ్లు ఎక్కువగా మాట్లాడరు. చాలామంది నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నారు. పైన ఫ్యాను తిరుగుతోంది, గాలి మాత్రం ఎవరికీ తగలడం లేదు. ముందు వరుసలో ఒకాయన, పక్కన ఆయన భార్య. ఆలూరు వైపువాళ్లమని చెప్పింది. ఆయన దవడకు కట్టు ఉంది, మాట లేదు. ఆమె నన్ను కాసేపు చూసింది.

"యా ఊరప్పా మీది?"

చెప్పాను. నా మాట విని ఆమె మొహం మారింది.

"మింగడానికి అయితాందా?"

"సంగటి మింగుతానమ్మా."

ఆమె సంచిలోంచి గ్లాసు, గొట్టం తీసి, సీసాలోని పలుచటి అంబలి కొంచెం పోసి ఇచ్చింది. "తాగప్పా. ఉప్పు ల్యా, కారం ల్యా. గొట్టం నాలుక మీద పెట్టాక, పక్కన పెట్టుకో. అది కొత్తదే, భయపడాక."

అంత మంచిగా ఇచ్చిన అంబలిని, నేను పళ్ల సోకు కోసం వచ్చినవాణ్ని అని చెప్పి తిప్పిపంపడం నావల్ల కాలేదు. అయినా ఆ క్షణాన నేను దేని కోసం వచ్చానో నాకూ తెలియదు. తాగాను. ఆమె భర్త నా వైపు చూసి, తన నోరు చూపించి, నా నోరు చూపించి, ఇద్దరం ఒకటే అన్నట్టు రెండు వేళ్లు జంటగా పెట్టాడు. తర్వాత, అప్పటిదాకా నోరు విప్పని మా నాయనను చూపించి, చెవులు మూసుకుని తల అడ్డంగా ఊపాడు. ఎంత వాగుడుకాయ చూడు అని. మాట లేని మనిషి వేసిన జోకుకు ఆ వరుసలో నలుగురం నవ్వాం. నాయన కూడా.

లోపలికి పిలిచారు. డాక్టరు యాభై ఏళ్ల మనిషి. నోట్లోకి లైటు వేసి చూశాడు. చూసి ఆగాడు. మళ్లీ చూశాడు.

"ఇవి ఎవరు వేశారు? వెనక వైపు?"

నా నోట్లో ఆయన వేళ్లున్నాయి, నాకు బదులు నాయన అడిగాడు.

"నిజంగానే ఉండాయా సార్?"

"ఏవి?"

"తీగలు."

డాక్టరు నాయనను దగ్గరికి రమ్మన్నాడు. నాయన కదల్లేదు. డాక్టరుకు ఏదో అర్థమై, లేచి వెళ్లి, భుజం పట్టుకుని తీసుకొచ్చాడు. చిన్న అద్దం నా పళ్ల వెనక పెట్టి, తీగలు చూపించాడు, బయటికి వచ్చిన కొస చూపించాడు, ఆ కొసకు ఎదురుగా సరిగ్గా పుండు చూపించాడు.

"ఇది గీసుకోవడం వల్లే అనిపిస్తోంది. కొస కత్తిరిస్తే మానాలి. రెండు వారాల్లో మానకపోతే మళ్లీ రండి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదాం. అశ్రద్ధ చేయొద్దు."

కిందనే ఉన్న పళ్ల విభాగంలో ఒకమ్మాయి కొస కత్తిరించింది. టక్కుమని ఒక్క చప్పుడు. మూడు నెలల నా చెరసాల గోడలో ఒక మేకు ఊడింది. మిగతా గోడ అలాగే ఉంది.

బయటికి వచ్చి నాయన బస్టాండులో ఉగ్గాని, బజ్జీ తిన్నాడు. బజ్జీ కారమని నాకు మెత్తటి బొరుగుల ఉగ్గాని ఒక్కటే చెప్పాడు. బజ్జీ ముగించి అన్నాడు:

"పండ్లు బాగ లేవని నీకు ఎవరురా చెప్పినారు?"

"ఎవరూ చెప్పల్యా నాయనా."

"మరి?"

"ఫొటో తీసేవాడు."

"వాని పండ్లు బాగుండాయా?"

జూన్

రెండు వారాలు. డాక్టరు "అనిపిస్తోంది" అన్నాడు, "అవును" అనలేదు. ఆ రెంటికీ మధ్య ఉన్న సందులో మా ఇల్లంతా ఇరుక్కుంది. అమ్మ నాకు తెలియకుండా మొక్కుకుంది, ఆ సంగతి ఊరంతటికీ తెలిసింది. బాషాకు నిజం చెబితే రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఖైనీ దొరకలేదన్న బాధ కొంత, నమ్మి అబద్ధం మోయించానన్న కోపం కొంత. మూడో రోజు నాకు కొత్త పేరు పెట్టాడు. ఆ పేరు ఇక్కడ రాయను.

నాయన మాత్రం ఒక పని మొదలుపెట్టాడు. ప్రతిరోజూ పొద్దున టీ తాగాక, అరుగు మీద నన్ను కూర్చోబెట్టి, ఫోనులో లైటు వేసి, "నోరు తెరువ్" అనేవాడు. బస్సులో మొహం తిప్పుకున్న మనిషి. మొదటి రోజు లైటు నా కళ్లలో పడింది, ముక్కులో పడింది, నోట్లో పడటానికి చాలాసేపు పట్టింది. రెండో రోజు ఎదురింటి పెద్దాయన వచ్చి తానూ చూస్తానన్నాడు. దాచడానికని వెనక వేయించుకున్న క్లిప్పులు, మా వీధిలో అందరూ వరుసగా వచ్చి చూసిపోయారు. మా పెద్దత్త వచ్చి చూసి, "మోటారు స్టార్టరు యాడుందిరా ఇందులో?" అని అడిగింది. పేరు సంగతి ఆమెకు ముందే తెలుసన్నమాట.

మొదటి వారం నాయన చూసి, లైటు ఆపేసి పొలానికి పోయేవాడు. నేను ఆయన వీపు చూసి, అది ఎలా ఉందో ఊహించుకునేవాణ్ని. భుజాలు దిగి ఉంటే బాగలేదని, టవలు విదిలిస్తే ఫర్వాలేదని. మందులకంటే ఎక్కువ ఆ వీపునే నమ్మాను.

రెండో వారం మధ్యలో ఒకరోజు చాలాసేపు చూశాడు. లైటు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. వేలితో నాలుక పక్కకు జరిపాడు. వేలికి వేపపుల్ల చేదు ఉంది.

"యా పక్క రా ఉన్యాది?"

"కుడి పక్క."

"ఈడ ఏమీ ల్యా."

"సరిగ్గా సూడు నాయనా."

"సూసినా." లైటు ఆపేశాడు. ఫోను తుడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, "వానికి ఎడమ పక్క," అన్నాడు.

నేనేమీ అడగకుండానే.

ఆ వెంటనే లేచి టవలు విదిలించి, "పో, బస్సుకు టైమయితాది. మీ యమ్మను ఊరిబిండి పెట్టమను," అంటూ పొలం వైపు నడిచాడు.

ఇప్పుడు

తీగలు ఇంకా ఉన్నాయి. వచ్చే ఏడాది తీస్తారట. తీశాక కూడా పళ్లు పాత చోటికి పోకుండా ఇంకోటి ఏదో పెట్టుకోవాలట, పూర్తి విడుదల లేదు. మాట చాలావరకు సర్దుకుంది. పై పళ్లలో మధ్యలో దూరినది వెనక్కి తగ్గి వరుసలోకి వచ్చింది. కొత్త ఫ్లెక్సీలో నేను నవ్వుతున్నాను. ఎవరూ గుర్తుపట్టలేదు.

వేయించుకోవాలా అని నన్నడిగితే, ముఖం మీద తీగ కనపడితే ఉద్యోగానికి ఇబ్బంది అనుకునేవాళ్లకు ఇవి మంచివే. నాలుక ఒప్పుకునే దాకా రెండు మూడు నెలలు ఓర్చుకోవాలి. రోజూ మాటలతోనే పని ఉన్నవాళ్లు ఆ నెలల్లో సెలవు దొరుకుతుందేమో చూసుకోండి. వేసిన డాక్టరు మీ ఊర్లోనే ఉంటే మేలు. నోట్లో పుండు రెండు వారాలు దాటినా మానకపోతే జోకులు వేయకుండా చూపించుకోండి. ఇంట్లో మాత్రం మొదటి రోజే చెప్పండి. ఎందుకంటే అవి కనపడవు, మీ భయం మాత్రం అందరికీ కనపడుతుంది.

చివరగా పనికొచ్చే ఇంకో మాట. అమ్మ ఇచ్చిన ఆ మైనం డబ్బీని నాయన కర్నూలు పోయి వచ్చేదాకా చొక్కా జేబులోనే ఉంచుకున్నాడు. ఎండకు మైనమంతా కరిగి, మూత సందులోంచి కారి, తెల్లచొక్కా జేబు గట్టిగా అట్టకట్టింది. ఆ చొక్కా పారేయనివ్వలేదు, మళ్లీ వేసుకోనూ లేదు. అమ్మ రెండుసార్లు వేడినీళ్లలో ఉడకబెట్టినా మరక పోలేదు. ఉడకబెట్టకూడదట. మరక మీదా కిందా పాత న్యూస్‌పేపరు పెట్టి, పైన ఇస్త్రీపెట్టె ఆనించాలి. మైనం పేపరుకు అంటుకుని వచ్చేస్తుంది. రెండు మూడుసార్లు పేపరు మార్చాలి.